పండు ఈగ మూలకణం మీద పెత్తనం ఎవరిది

వేసవి ముదిరేసరికి బరంపురం బజారులో పనసకాయలు గుట్టలు పడతాయి. కోసిపెట్టిన తొనల మీద, పక్కనే మగ్గిపోయిన అరటిపళ్ళ మీద, ఊరి చివర కల్లుముంత అంచు మీద ఎర్రటి కళ్ళతో, నువ్వుగింజంత ఒళ్ళుతో చిన్న చిన్న ఈగలు ముసురుతుంటాయి. ఎంత తోలినా పోవు. ఒకటి పోతే పది వస్తాయి. జన్యుశాస్త్రం వందేళ్ళకు పైగా వీటి వెంట పడింది ఆ "పది వస్తాయి" అన్న గుణం కోసమే.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. గంజాం, గజపతి జిల్లాల్లోనో, సరిహద్దు దాటి ఉద్దానంలోనో మామిడితోట ఉన్నవాళ్ళకి "పండు ఈగ" అంటే గుర్తొచ్చేది వేరే ఈగ. కాయ చెట్టుమీద ఉండగానే తొక్కకి కన్నం పెట్టి లోపల గుడ్లు పెట్టే బాక్ట్రోసెరా అది. దాని కోసమే తోటల్లో మిథైల్ యూజినాల్ ఎరలు కడతారు. పంటకి నష్టం చేసేది అదే. ప్రయోగశాలల్లో పెంచేది డ్రోసోఫిలా మెలనోగాస్టర్, కుటుంబమే వేరు. ఇది మంచి కాయ జోలికి పోదు. కుళ్ళిన పండు మీద, పులిసిన కల్లు మీద పెరిగే ఈస్ట్‌ని తిని బతుకుతుంది. పొడవు మూడు మిల్లీమీటర్ల లోపే. 25 డిగ్రీల దగ్గర ఉంచితే గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా పది రోజులు చాలు. మన దేశంలో చాలా కాలేజీల్లో దీనికి పెట్టే తిండి కూడా పెద్ద రహస్యమేం కాదు, ఉప్మా రవ్వ, బెల్లం, అగర్ కలిపి ఉడికించి, బూజు పట్టకుండా కొంచెం ప్రొపియోనిక్ ఆమ్లం వేసి సీసాల్లో పోస్తారు.

బాగా మేపిన ఆడ ఈగ మంచి వయసులో రోజుకి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. దాని ఒంటితో పోలిస్తే గుడ్డు చిన్నదేం కాదు, అర మిల్లీమీటరు పొడవు. ఆ లెక్కన రెండు మూడు రోజుల్లో తన బరువంత గుడ్లు పెట్టేస్తుందన్నమాట. ఇన్ని గుడ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ అయితే ఎప్పుడో అయిపోవాలి. నిల్వ కాదు కాబట్టే అయిపోదు. గుడ్లు తయారుచేసే మూలకణాలు (స్టెమ్ సెల్స్) దాని అండాశయంలో బతికినంత కాలం విడిపోతూనే ఉంటాయి.

ఆ అండాశయాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. కార్బన్ డయాక్సైడ్‌తో మత్తెక్కించిన ఈగ పొట్టని సన్నటి పట్టకారుతో ఉప్పునీటిలో చీలిస్తే రెండు తెల్లటి ద్రాక్షగుత్తుల్లాంటివి బయటికొస్తాయి. ఒక్కోదాంట్లో పదహారు నుంచి ఇరవై దాకా గొట్టాలుంటాయి. గొట్టానికి ఒక చివర పొట్టలోంచి తోసుకొచ్చేలా ఉన్న పూర్తి గుడ్డు, దాని వెనక ఇంకొంచెం చిన్నది, ఆ వెనక ఇంకా చిన్నది, అలా వెనక్కి వెళ్తూ వెళ్తూ రెండో చివర సూదిమొనలాంటి చోట రెండు మూడు కణాలు మిగులుతాయి. అవే బీజ మూలకణాలు. గుడ్డు తయారీ మొత్తం ఒకే గొట్టంలో వయసు వరసన కనిపించడం ఈ ఈగలో ఉన్న అసలు సౌకర్యం. ఎలుకలోనో కోడిలోనో ఇంత తేటగా కనబడదు.

మొనలో ఉన్న ఆ రెండు మూడు కణాలకి ఆనుకుని ఐదారు టోపీ కణాలుంటాయి. మూలకణాలు వాటిని ఈ-క్యాధరిన్ అనే అంటుకునే ప్రోటీన్‌తో పట్టుకుని వేలాడతాయి. టోపీ కణాలు డీపీపీ అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందినంతసేపూ మూలకణంలో బామ్ అనే జన్యువు నోరెత్తదు. మూలకణం విడిపోయినప్పుడు ఒక పిల్లకణం టోపీ కణాన్ని పట్టుకునే ఉంటుంది, రెండోది ఒక్క కణమంత దూరం అవతలికి జరుగుతుంది. అంతే, అంత కొంచెం దూరానికే డీపీపీ సరిపోకుండా పోతుంది, బామ్ మేలుకుంటుంది, ఆ కణం నాలుగుసార్లు విడిపోయి పదహారు కణాల గుంపవుతుంది, అందులో ఒకటి గుడ్డు, మిగతా పదిహేనూ దాన్ని పోషించే దాదులు. బామ్ చెడిపోయిన ఈగలో ఈ వరసేమీ ఉండదు. గొట్టం నిండా తేడాపాడా లేని గుండ్రటి కణాలే కిక్కిరిసి ఉంటాయి. అందుకే 1990లో ఈ జన్యువుని గుర్తించిన డెన్నిస్ మెక్‌కెరిన్, అలన్ స్ప్రాడ్లింగ్ దానికి గోళీల సంచి అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఈ మొనని శాస్త్రంలో నిష్ అంటారు, ఇక్కడ గూడు అనుకుందాం. మూలకణానికి గూడు ఒకటుంటుందని 1978లో రేమండ్ స్కోఫీల్డ్ రక్తకణాల విషయంలో ఊహించాడు. కానీ అది కంటితో చూపించగలిగేలా రుజువైంది మాత్రం 2000లో, ఈ ఈగ అండాశయంలోనే, టింగ్ షీ, స్ప్రాడ్లింగ్ చేతుల్లో. వాళ్ళు చూపించినదాంట్లో ముచ్చటైన విషయం ఏంటంటే, గూట్లో ఒక మూలకణం పోతే పక్కనున్న మూలకణం అడ్డంగా విడిపోయి తన రెండు పిల్లల్నీ గూట్లోనే కూర్చోబెట్టి ఖాళీ నింపేస్తుంది. అంటే మూలకణం అనేది ఒక జాతి కాదు, అదొక హోదా. కుర్చీ ఉన్నంతవరకే ఉంటుంది.

ఇంతవరకూ సంకేతాల కథ. దీంట్లో ఎపిజెనెటిక్స్, అంటే డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల్ని తెరిచే, మూసే ఏర్పాటు, ఎక్కడుంది?

ఈగకి దాదాపు పద్నాలుగు వేల ప్రోటీన్ జన్యువులున్నాయి. కంట్లో, కండలో, బీజకణంలో ఆ పద్నాలుగు వేలూ ఉంటాయి. ఏ కణంలో ఏవి చదవాలి, ఏవి మూసిపెట్టాలి అన్నది అక్షరాలు మార్చకుండా డీఎన్‌ఏ చుట్టూ ఉన్న సరంజామాతో నడుస్తుంది. బరంపురంలో తెలుగింటి పిల్లాడు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంకోటి మాట్లాడతాడు, అన్నీ వాడి బుర్రలోనే ఉంటాయి, ఏది బయటికొస్తుందన్నది ఎదుటివాణ్ణి బట్టి ఉంటుంది. కణం సంగతీ ఇంచుమించు అంతే. తేడా ఏంటంటే కణం తన పాత అలవాటుని విడిపోయాక కూడా పిల్లకణాలకి అప్పజెప్పగలదు. 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ ఎపిజెనెటిక్స్ అన్న మాట వాడినప్పుడు అతని మనసులో ఉన్నది ఇలాంటి ప్రశ్నే, ఒకే గుడ్డు నుంచి ఇన్ని రకాల కణాలు ఎలా వస్తాయని.

పాఠ్యపుస్తకాల్లో, యూట్యూబ్‌లో ఎపిజెనెటిక్స్ అనగానే డీఎన్‌ఏకి మిథైల్ గుంపులు అతికించడం గురించి చెప్తారు. మనుషుల్లో, ఎలుకల్లో అది ముఖ్యమే. కానీ డ్రోసోఫిలాకి ఆ పద్ధతి దాదాపు లేనట్టే. ఆ పని చేసే ఎంజైముల్లో రెండు ప్రధానమైనవి దీని జన్యుపటంలోనే లేవు. మిగిలిన డీఎన్‌ఎమ్‌టీ2 ప్రధానంగా డీఎన్‌ఏ మీద కాకుండా, ప్రోటీన్ తయారీకి సాయపడే టీఆర్‌ఎన్‌ఏ మీద పనిచేస్తుంది. కాబట్టి ఈగ తన పని అంతా రెండు దార్లలో నడుపుకొస్తుంది. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల తోకల మీద రసాయన గుర్తులు పెట్టడం ఒకటి, చిన్నచిన్న ఆర్‌ఎన్‌ఏలతో జన్యువుల నోరు నొక్కడం రెండోది. మిథైలేషన్ లేకపోవడం ఒక లోటులా అనిపించొచ్చు గానీ పరిశోధకుడికి అది వరమే, ఒక చిక్కుముడి తక్కువ.

హిస్టోన్ గుర్తుల ప్రభావం మామూలు కంటికి కనిపించే సందర్భం కూడా ఈ ఈగే ఇచ్చింది. 1930లో హెర్మన్ ముల్లర్ ఎక్స్‌రేలతో పుట్టించిన ఈగల్లో కొన్నిటి కళ్ళు పూర్తి ఎరుపూ కాదు, పూర్తి తెలుపూ కాదు, ఎర్రమచ్చల తెల్లకళ్ళు. కంటికి రంగునిచ్చే జన్యువు చెడలేదు, క్రోమోజోమ్ తెగి అతుక్కున్నప్పుడు అది గట్టిగా చుట్టుకుపోయిన ప్రాంతం పక్కకి వెళ్ళి పడింది. కొన్ని కణాల్లో ఆ చుట్టుడు దీని మీదకీ పాకి రంగు ఆరిపోయింది, కొన్నిట్లో పాకలేదు. పాకిన కణం పిల్లలన్నీ తెల్లగా, పాకని కణం పిల్లలన్నీ ఎర్రగా. అందుకే చుక్కలు కాకుండా మచ్చలు. హెచ్‌పీ1 లాంటి, గుర్తుని చదివి చుట్టుడుని బిగించే ప్రోటీన్ల పాత్ర తేలింది ఈ మచ్చల వెంట పడే.

ఆ హెచ్‌పీ1 బీజకణాల్లో ఏం చేస్తుంది? హెలెన్ సాల్జ్ బృందం 2018లో ప్రచురించిన పని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. హెచ్‌పీ1 చదివేది హెచ్3 అనే హిస్టోన్‌లో తొమ్మిదో స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లం మీద పడే మిథైల్ గుర్తుని. అక్కడ మూడు మిథైల్ గుంపులు పెట్టే సెట్‌డీబీ1 అనే ఎంజైముని ఆడ ఈగ బీజకణాల్లోంచి మాత్రమే తీసేశారు. ఆ కణాలు చచ్చిపోలేదు, గుడ్లూ కాలేదు. వృషణంలో మాత్రమే చదవాల్సిన జన్యువుల్ని చదవడం మొదలుపెట్టి, ముందుకీ వెనక్కీ పోకుండా కణితిలా పెరిగిపోయాయి. ఒళ్ళు ఆడది, క్రోమోజోములు ఆడవి, బీజకణం మాత్రం తాను ఆడదాన్నన్న సంగతి మర్చిపోయింది. దీని వెనకున్న ముఖ్యమైన దోషి పీహెచ్‌ఎఫ్7 అనే జన్యువు. మగ బీజకణాన్ని మగగా ఉంచేది అదే. ఆడదాంట్లో, దాన్ని మగ కణాల్లోలా మొదలుపెట్టే మీట మీద ఆ మిథైల్ గుర్తు ఉంటుంది కాబట్టి ప్రోటీన్ తయారవదు. మామూలుగా ఈ గుర్తు క్రోమోజోమ్ మీద పెద్ద పెద్ద మడుల్లా పరుచుకుని ఉంటుంది, ఇక్కడ మాత్రం చుట్టూ ఉన్న జన్యువుల్ని ముట్టకుండా కావాల్సిన జన్యువు మీదే చిన్న దిబ్బలా ఉంది. అంత ఖచ్చితంగా గురిపెట్టడం ఎలాగో ఆలోచిస్తే తల తిరుగుతుంది.

ఇక్కడ గమనించాల్సింది, ఆడతనం ఒకసారి తేలిపోయి ఇక ఆ గొడవ లేదనుకునే వ్యవహారం కాదు. ఈగ బతికున్నన్నాళ్ళూ, ప్రతి మూలకణంలో, మగ జన్యువుని అదేపనిగా అణిచి ఉంచాలి. చెయ్యి తీస్తే లేస్తుంది. మూలకణాల ఎపిజెనెటిక్స్‌లో ఎక్కువ భాగం ఇలా చెయ్యకుండా ఆపే పనే, చేయించే పని తక్కువ. బామ్ విషయంలోనూ అదే కదా.

అయితే అణిచేది ఎవరు అన్నప్పుడు మూలకణం ఒక్కదాన్నే చూస్తే సగం కథే తెలుస్తుంది. గూడుకి కాస్త దిగువన, విడిపోయిన బీజకణాల చుట్టూ సన్నటి చేతులు చాపి వాటిని ముందుకి నడిపించే తోడు కణాలుంటాయి. ఇవి బీజకణాలు కావు, గుడ్లు పెట్టవు, మామూలు శరీర కణాలు. మైకెల్ బుష్‌చాక్ బృందం 2011లో ఈ తోడు కణాల్లో ఎల్‌ఎస్‌డీ1 అనే ఎంజైముని తీసేసింది. హెచ్3లో నాలుగో స్థానపు లైసిన్ మీదున్న మిథైల్ గుంపుల్ని, అంటే మామూలుగా చదవదగ్గ జన్యువుల దగ్గర కనిపించే గుర్తుల్ని, తుడిచేసే ఎంజైమది. అది లేకపోయేసరికి తోడు కణాలు టోపీ కణాల పని నెత్తినేసుకుని డీపీపీ చెయ్యడం మొదలుపెట్టాయి. ఇక గూడుకీ గూడు కానిదానికీ హద్దు ఎక్కడుంది? దూరం జరిగిన పిల్లకణాలకీ సంకేతం అందుతూనే ఉంది, బామ్ నోరు మూసే ఉంది, గొట్టమంతా మూలకణాల్లాంటి కణాలే. బీజకణంలో ఏ లోపమూ లేదు. చెడిపోయింది పక్కింటి హిస్టోన్లు. పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకి ఈ ప్రయోగం ఇచ్చినంత సూటి జవాబు ఇంకోటి కనిపించదు. మూలకణం మూలకణంగా ఉండటానికి గూటి కణాలు మాట్లాడాలి, అది మూలకణంగా ఉండటం మానెయ్యడానికి తోడు కణాలు నోరు మూసుకోవాలి, ఆ నోరు మూసుకోవడం కూడా ఒక ఎపిజెనెటిక్ పనే.

2020లో స్ప్రాడ్లింగ్ బృందమే ఇంకో చిత్రం చూపించింది. పాలీకోంబ్ అనే పాత వ్యవస్థ ఒకటుంది, హెచ్3లోనే ఇరవై ఏడో స్థానపు లైసిన్ మీద గుర్తు పెట్టి జన్యువుల్ని మూస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా దీని మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. శరీర కణాల్లో ఆ గుర్తు ఎంచుకున్న కొన్ని చోట్ల గట్టిగా పేరుకుని ఉంటుంది. బీజ మూలకణంలో మాత్రం పల్చగా, విస్తారంగా పరుచుకుని ఉంది, దేన్నీ గట్టిగా మూయకుండా. కణం గూడు వదిలి దాదుల వైపు అడుగేసినప్పుడే ఆ గుర్తుకి తోడు ప్రోటీన్లు వచ్చి అది కొన్నిచోట్ల చిక్కబడుతుంది. అంటే మూలకణం ఇంకా ఏదీ తేల్చుకోని స్థితిలో ఉందన్నది కవిత్వం కాదు, హిస్టోన్ల మీద అలా కనిపిస్తోంది మరి.

మగ ఈగ దగ్గర కథ ఇంకాస్త పెనవేసుకుంటుంది. వృషణం కొసన పదికి అటూ ఇటూ కణాల ముద్ద, దాని చుట్టూ పూరేకుల్లా ఆరు నుంచి తొమ్మిది మూలకణాలు. సంకేతం ఇక్కడ వేరు, పనితీరు అదే. 2012లో షిన్ చెన్ బృందం పాత హిస్టోన్లకి ఒక రంగు, కొత్తవాటికి ఇంకో రంగు వెలిగేలా చేసి ఒక మూలకణం విడిపోవడాన్ని చూసింది. పాత హెచ్3 అంతా గూట్లో ఉండిపోయే కణంలో తేలింది, కొత్తది బయటికి పోయేదాంట్లో. డీఎన్‌ఏ ఇద్దరికీ సమానంగానే పంచారు, దాని మీదున్న పాత చుట్ట మాత్రం ఒకరికే. దీన్ని బట్టి మూలకణం తన జ్ఞాపకాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుందని చాలామంది ఉత్సాహపడ్డారు. కాస్త ఆగాలి. ఆడ ఈగ మూలకణాల్లో అలా చూస్తే మొత్తంమీద ఇంత కొట్టొచ్చినట్టు తేడా కనబడదు, కొన్ని ముఖ్యమైన జన్యువుల దగ్గరే కనబడుతుంది. పైగా 2004లో రెండు బృందాలు, ఒకటి వృషణంలో, ఒకటి అండాశయంలో, అప్పటికే గూడు వదిలి విడిపోవడం మొదలుపెట్టిన కణాలు ఖాళీ గూడు దొరికితే వెనక్కొచ్చి మళ్ళీ మూలకణాలవుతాయని చూపించాయి. కొత్త హిస్టోన్లతో బయటికెళ్ళినవే ఇవి కూడా. పాత హిస్టోన్ ఉంటేనే మూలకణం అని తెగేసి చెప్పడానికి ఈ వెనక్కి రావడం అడ్డం పడుతుంది. జ్ఞాపకం ఉంది, కానీ చోటు దాన్ని తిరగరాయగలదు.

ఇక రెండో దారి, చిన్న ఆర్‌ఎన్‌ఏలు. ఎపిజెనెటిక్స్ తరం దాటుతుందా అని అడిగేవాళ్ళు అసలు చూడాల్సింది ఇక్కడ.

దాదాపు ప్రతి జీవి డీఎన్‌ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే ముక్కలుంటాయి. శరీర కణంలో గెంతితే నష్టం ఆ ఒంటితో పోతుంది, బీజ మూలకణంలో గెంతితే వంశమంతా మోస్తుంది. అందుకే బీజకణాల కాపలా గట్టిది. ఆ కాపలాదారు పివీ అనే ప్రోటీన్. 1990ల చివర హైఫాన్ లిన్ బృందం దీన్ని మూలకణాల కోసమే వెతికి పట్టుకుంది, ఇది లేని ఈగలో మూలకణాలు నిలవవు. తర్వాత తేలింది ఏంటంటే ఇది రెండు డజన్ల పైచిలుకు అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏలని జేబులో పెట్టుకుని తిరుగుతుందని, వాటి అక్షరాలు గెంతుడు ముక్కల అక్షరాలకి సరిగ్గా జోడీ అవుతాయని, జోడీ కుదిరిన చోట హిస్టోన్ల మీద ఆ తొమ్మిదో లైసిన్ గుర్తు పడేలా చేస్తుందని. ఇంకో తమాషా, ఈ పివీ మొదట కావాల్సింది మూలకణంలో కాదు, చాలావరకు దాని చుట్టుపక్కల కణాల్లోనే. మళ్ళీ ఇరుగుపొరుగే.

దీని బలం తెలియాలంటే పీ అనే గెంతుడు ముక్క సంగతి చూడాలి. అది డ్రోసోఫిలా విల్లిస్టోనీ అనే అమెరికా ఖండపు ఈగ నుంచి మన ఈగలోకి గత శతాబ్దంలోనే దూకింది. అప్పటికే సీసాల్లో బందీలుగా ఉన్న పాత ప్రయోగశాల ఈగల్లో అది లేదు, బయట తిరిగే ఈగల్లో పాకిపోయింది. 1970ల్లో గమనించింది ఏమిటంటే, బయటి మగ ఈగని పాత ప్రయోగశాల ఆడ ఈగతో కలిపితే పుట్టిన పిల్లలకి బీజకోశాలు కుంచించుకుపోయి గొడ్డువైపోతున్నాయి, వేడిగా ఉంటే మరీను. అదే బయటి ఆడ ఈగని ప్రయోగశాల మగదానితో కలిపితే పిల్లలు నిక్షేపంగా ఉన్నాయి. రెండు జంటల పిల్లల్లోనూ డీఎన్‌ఏ ఒకటే! తేడా ఎక్కడుందో తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2008లో జూలియస్ బ్రెనెకే, గ్రెగరీ హానన్ బృందం చూపించింది, తల్లి తన గుడ్డులో ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏలని మూటగట్టి పెడుతుందని. పీ ముక్కని ఎరిగిన తల్లి దాన్ని అణిచే ఆర్‌ఎన్‌ఏలు కూడా ఇస్తుంది. ఎరగని తల్లి ఇవ్వలేదు, తండ్రి వీర్యకణంలో వాటికి చోటు లేదు. ముక్క మాత్రం తండ్రి నుంచి వచ్చి పడింది, బీజ మూలకణాలు దాని గెంతులకి తట్టుకోలేకపోయాయి. అలా గొడ్డువైన ఆడ ఈగల్లో కొన్ని వయసు మళ్ళేకొద్దీ సొంతంగా ఆ ఆర్‌ఎన్‌ఏలు తయారుచేసుకుని మళ్ళీ గుడ్లు పెట్టగలవని 2011లో తెలిసింది. ఇదంతా పాత చరిత్ర అనుకోనక్కర్లేదు. ఇదే పీ ముక్క దీని దగ్గరి చుట్టం డ్రోసోఫిలా సిములాన్స్‌లోకి కూడా కొత్తగా దూరి పాకుతోందని 2015లో బయటపడింది.

డీఎన్‌ఏ కానిదేదో తల్లి నుంచి పిల్లకి వెళ్ళి, పిల్ల గొడ్డుదవ్వాలా కాదా అన్నది తేల్చేయడం నిజమైన తరాంతర ఎపిజెనెటిక్స్. దాని హద్దు కూడా ఇందులోనే ఉంది. తల్లి ఇచ్చింది ఒక ప్రత్యేకమైన ముక్కకి సరిపోయే అక్షరాలున్న ఆర్‌ఎన్‌ఏని, తన కష్టసుఖాల్ని కాదు. "మీ అమ్మమ్మ పడ్డ టెన్షన్ మీ జీన్స్‌లో ఉంది, మా కోర్సు చేస్తే పోతుంది" అని ఫోన్లో తిరిగే వీడియోలకి ఈగ నుంచి ఏ సాక్ష్యమూ దొరకదు. ఆ పక్కనే తిరిగే ఇంకో రకం ప్రకటనలూ ఉన్నాయి, అండాశయంలో మూలకణాల్ని మేల్కొలిపి కొత్త అండాలు పుట్టిస్తామని. పిల్లల కోసం రాష్ట్రాలు దాటి విశాఖకో భువనేశ్వర్‌కో తిరిగే జంటలు వీటికి డబ్బు తగలేస్తుంటారు. స్త్రీల అండాలు పుట్టకముందే ఏర్పడిన నిల్వ అన్నదే ఇప్పటికీ ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఒప్పుకునే మాట. జీవితాంతం విడిపోయే బీజ మూలకణాలు మనుషుల్లో ఉన్నది మగవాళ్ళ వృషణాల్లో. ఈగ అండాశయం గురించి తెలిసిందాన్ని తెచ్చి స్త్రీ అండాశయానికి అంటగట్టడం కుదరదు. పివీ కుటుంబపు ప్రోటీన్లు మనలోనూ ఉన్నాయి. ఎలుకల్లో వాటిని తీసేస్తే మగ ఎలుకలు గొడ్డువవుతాయి. పోలిక వెతికితే అక్కడ వెతకాలి.

తిండి, వేడి గురించి రెండు ముక్కలు. ఈస్ట్ బాగా పెట్టిన ఈగకీ, పెట్టని ఈగకీ గుడ్ల సంఖ్యలో అరవై రెట్ల తేడా ఉంటుందని 2001లో కొలిచారు. మూలకణాలు ఇన్సులిన్ లాంటి సంకేతాల ద్వారా తిండిని పసిగట్టి వేగం తగ్గించుకుంటాయి. 30 డిగ్రీల దగ్గర పెంచితే మగ ఈగలు గొడ్డువవుతాయి, అందుకే ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఈగలు పెంచేవాళ్ళకి తిప్పలు.

బరంపురానికి దీంతో ఇంకా దగ్గరి లంకె ఒకటుంది, అది ఈగ కాదు, పట్టుపురుగు. ఇక్కడి పట్టు చీరలకి, కుంభం అంచుకి భౌగోళిక గుర్తింపు ఉంది, నేసేవాళ్ళలో తెలుగు మాట్లాడే దేవాంగులు తరతరాలుగా ఉన్నారు. మల్బరీ పట్టుపురుగులో ఆడామగా తేల్చే ఏర్పాటు మనకి తిరగబడి ఉంటుంది, ఆడదానికి జడ్, డబ్ల్యూ అనే క్రోమోజోములు, మగదానికి రెండు జడ్‌లు. ఆ డబ్ల్యూలో ఆడతనాన్ని తేల్చే జన్యువు కోసం ఎన్నో ఏళ్ళు వెతికారు. 2014లో టోక్యో విశ్వవిద్యాలయం బృందానికి దొరికింది ప్రోటీన్ చేసే జన్యువు కాదు, పివీ కుటుంబం మోసుకుతిరిగే రకం చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒకటి. అది జడ్ మీదున్న మగతనపు జన్యువు సందేశాన్ని ముక్కలు చేస్తుంది. ముక్కలయితే పురుగు ఆడది, కాకపోతే మగది. ఈగలో గెంతుడు ముక్కల్ని పట్టే కాపలాదారే ఇక్కడ ఆడామగా తేల్చే పనికి కుదురుకుంది.

మగ పురుగు కాయలో బరువుకి తగ్గట్టు పట్టు ఎక్కువ. అందుకని పెంపకందార్లకి మగవాటి మీదే మోజు. ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏకి చిక్కకుండా అక్షరాలు మార్చిన మగ జన్యువుని పురుగులో పెడితే ఆడవి పెరగకుండానే చచ్చిపోతాయని ప్రయోగశాలలో చూశారు. అలా మగవే మిగిలిన పంట ఒక్క పంటకే పనికొస్తుంది. తర్వాతి పంటకి గుడ్లు కావాలి కాబట్టి విత్తన కేంద్రంలో మామూలు ఆడ పురుగుల వరసనీ విడిగా సాకాల్సిందే.